గట్టిదంతా మన్నుతుందా? ‘మన్నిక’ అనే మాట, ఇల్లు కట్టేటప్పుడు దాని వాడకం

ప్రొద్దుటూరులో ఇల్లు కట్టుకుంటున్న ఒకరు అడిగిన ప్రశ్న ఇది: “ఏ అంగడికి పోయినా ‘శానా గట్టిది సార్, మన్నికైన సరుకు’ అంటున్నారు. గట్టి, దృఢం, మన్నిక మూడూ ఒకటేనా? వంటగట్టుకు కడప నల్లబండ గట్టిదే కదా, మన్నుతుందా? మేస్త్రితో రాసుకునే కాగితంలో ఏ మాట రాయాలి?”

ముందు సూటిగా జవాబు. మూడూ ఒకటి కాదు. గట్టి అనేది వస్తువు ఈ రోజు ఎలా ఉందో చెప్పే మాట. గీస్తే గీత పడదు, నొక్కితే నొక్కుకోదు, వంచితే వంగదు. మన్నిక అనేది ఆ వస్తువు వాడకంలో ఎన్నాళ్లు పనికొస్తుందో చెప్పే మాట. అది వస్తువు ఒక్కదాని గుణం కాదు. ఎక్కడ పెట్టారు, దాని మీద ఏం పడుతుంది, ఎలా చూసుకుంటారు అన్నవన్నీ అందులో ఉన్నాయి. కాబట్టి “ఇది మన్నికైనది” అనేది సగం మాటే. దేనికి, ఎక్కడ, ఎన్నాళ్లు అని అడిగితేనే పూర్తవుతుంది.

నల్లబండ సంగతి: గదుల నేలకు, అరలకు బాగా మన్నుతుంది. చింతపండు, నిమ్మకాయ రోజూ పడే వంటగట్టుకు మెరుగు పోకూడదనుకుంటే గ్రానైట్ వేయించుకోండి. కారణం కింద చెబుతాను.

మాట దగ్గర కొంచెం ఆగుదాం, ఎందుకంటే తేడా మాటలోనే ఉంది. మన్నిక ‘మన్ను’ అనే క్రియ నుంచి వచ్చింది. మన్నడం అంటే నిలిచి ఉండడం, చెడకుండా కాలం గడపడం. ‘మను’, ‘మనుగడ’ దీనికి చుట్టాలే. తమిళంలోనూ ‘మన్ను’ అంటే నిలిచిపోవడం అనే అర్థం ఉంది. మట్టి అనే అర్థమున్న మన్ను వేరే మాట. క్షమించడం అనే మన్నించడానికీ దీనికీ సంబంధం లేదు, కలిపి చూడకండి.

ఒక చిన్న పరీక్ష పెట్టి చూడండి. “పదేండ్లు మన్నుతుంది” అంటే వాక్యం సరిపోయింది. “పదేండ్లు గట్టి” అంటే కుదరదు, ‘గట్టిగా ఉంటుంది’ అని ఇంకో క్రియ తెచ్చి అతకాలి. ‘గట్టిపడుతుంది’ అన్నా మెత్తనిది గట్టిదవుతుందనే గానీ కాలానికి నిలుస్తుందని కాదు. కాలం అనేది మన్నికలో పుట్టుకతోనే ఉంది, గట్టిలో లేదు.

నిజానికి మన వైపు నోటిమాటలో మన్నిక తక్కువే వినపడుతుంది. “ఈ చెప్పులు ఎన్నేండ్లు వస్తాయి?”, “ఈ పంచె ఉతుకులకు ఆగుతాదా?”, “ఎండకు తట్టుకుంటాదా?” అంటారు. ఈ మూడు ప్రశ్నలూ మన్నిక గురించినవే. పైగా ‘మన్నికైనది’ కంటే మేలైనవి, ఎందుకంటే దేనికి ఆగాలో కూడా చెబుతున్నాయి. కర్నూలు, కడప మేస్త్రిల నోట ‘మజ్‌బూత్’ కూడా వింటారు. అది గట్టికి, దృఢానికి దగ్గర. ఉర్దూలో మన్నికకు ‘పాయెదార్’ అనే వేరే మాట ఉంది. అంటే ఆ భాషలోనూ రెండూ వేరే.

దృఢం సంస్కృతం మాట. బరువు మోసే వాటికి వాడితే నప్పుతుంది: దృఢమైన పునాది, దృఢమైన దూలం. పటిష్ఠం కూడా దాదాపు అంతే, పత్రికల్లో బందోబస్తుకూ కట్టడాలకూ వాడతారు. మెత్తని వాటికి ఈ రెండూ కుదరవు. దృఢమైన చీర అనం, మన్నికైన చీర అంటాం. మనిషికి మాత్రం తిరగబడుతుంది. గట్టి మనిషి, గట్టి ప్రాణం అంటాం గానీ మన్నికైన మనిషి అనం.

ఇంకో తేడా చాలామంది గమనించరు. ఊరగాయ మన్నదు, నిలవ ఉంటుంది. ధాన్యం, బెల్లం, పచ్చళ్లు వాడకుండా దాచినప్పుడు చెడకపోవడం నిలవ. వాడుతూ ఉన్నా అరగకపోవడం, చివకకపోవడం, విరగకపోవడం మన్నిక. సిమెంటుకు రెండూ కావాలి. మూట గోదాములో నిలవ ఉండాలి, వేసిన పని మన్నాలి. తేమ తగిలి మూటలో గడ్డకట్టిన సిమెంటు చూడటానికి ‘గట్టి’గానే ఉంటుంది, పనికి మాత్రం రాదు. నలిపినా పొడి కాని గడ్డలున్న మూట స్లాబుకు వాడకండి.

ఇక రాయి. కడప నల్లబండ నాపరాయిలో ఒక రకం, సున్నపురాయి జాతి. మన నాపరాళ్లలో ఎక్కువ భాగాన్ని భూగర్భశాస్త్రజ్ఞులు నార్జి సున్నపురాయి అంటారు. మహారాష్ట్రలో ఈ రాయినే ‘కడప్పా’ అంటారు, అక్కడ మన ఊరి పేరే రాయి పేరైపోయింది. రాళ్ల గట్టిదనాన్ని గీత పరీక్షతో 1 నుంచి 10 వరకు లెక్కగడతారు. మొహ్స్ కొలత అంటే అదే. సున్నపురాయిలో ముఖ్యమైన ఖనిజం కాల్సైట్, అది 3 దగ్గర ఉంటుంది. గ్రానైట్‌లో ఉండేవి 6, 7 దగ్గర. ఇసుకరేణువు 7.

ఆ ఆఖరి అంకె ముఖ్యం. నల్లబండ నేల మెరుగు గడప దగ్గర ముందు పోతుంది, గది మూలల్లో ఏండ్లు గడిచినా ఉంటుంది. గడప దగ్గర వేసింది నాసిరకం బండ అనుకుంటారు, కాదు. కాళ్లకు అంటుకొచ్చిన ఇసుక రాయికంటే గట్టిది, అడుగడుగునా సాన పట్టినట్టు అరగదీస్తుంది. వాకిట్లో ఒక గోనెపట్ట వేసి, రోజూ ఊడ్చి ఆ తర్వాతే తుడిస్తే ఆ బండే ఎన్నో ఏండ్లు ఎక్కువ వస్తుంది. ఊడవకుండా తడిగుడ్డ పెట్టి ఇసుకను రుద్దడమే ఎక్కువ చెరుపు.

రెండోది పులుపు. సున్నపురాయిని ఆమ్లం తినేస్తుంది. కొలిమిగుండ్ల దగ్గరున్న బెలుం గుహలు చూశారా? సున్నపురాయిలో 3 కిలోమీటర్లకు పైగా సాగిన గుహలవి. వాననీటిలో గాలి నుంచీ మట్టి నుంచీ కలిసిన కొద్దిపాటి ఆమ్లమే లక్షల ఏండ్లలో ఆ రాయిని కరిగించి అంత దారి చేసింది. వంటగట్టు మీద చింతపులుసు, నిమ్మరసం, పెరుగు అదే పని చేస్తాయి, చాలా త్వరగా. మరక పడ్డచోట మెరుగు పోయి తెల్లగా మొద్దుబారుతుంది. అది పైన అంటిన మురికి కాదు, రాయే కరిగిన గుర్తు. ఎంత తోమినా పోదు, మళ్లీ పాలిష్ పట్టించాల్సిందే. మరుగుదొడ్లు కడిగే యాసిడ్ పోస్తే బుసబుసా నురగ వస్తుంది. చాలామంది దాన్ని చూసి “బాగా శుభ్రపడుతోంది” అనుకుంటారు. ఆ నురగ రాయి కరుగుతున్నప్పుడు వచ్చే వాయువు. నల్లబండ మీద యాసిడ్ ఒక్కసారి కూడా పోయకండి.

దీనికి పూర్తిగా ఎదురుగా ఉండేది రాచ్చిప్ప. అది బలపపు రాయి. పలక మీద గీస్తే అరిగిపోయే బలపం ఆ రాయే. గోటితో గీరినా గీత పడేంత మెత్తన, గీత కొలతలో అడుగునే ఉంటుంది. అయినా పప్పుచారు, పులుసు దాంట్లో తరతరాలుగా కాచారు. పులుపు దాన్ని ఏమీ చేయలేదు, మంటకు పగలదు. నల్లబండ దానికంటే గట్టిది, చింతపండు ముందు మాత్రం రాచ్చిప్పే మన్నికైనది. అదే రాచ్చిప్ప రాయిని నేలకు పరిచారంటే కొన్నాళ్లకే కాలిబాట పడుతుంది. గట్టికీ మన్నికకూ తేడా చెప్పమంటే నేను ముందు ఈ రెండు రాళ్లనే పక్కపక్కన పెడతాను.

బండలు కొనేటప్పుడు చూడాల్సినవి:

సుత్తి పిడితోనో నాణెంతోనో తట్టండి. ఖంగున మోగాలి. మొద్దుగా పలికితే లోపల పగులో, పొర విడివడడమో ఉంది. అంచును నీళ్లతో తడిపి ఆరనివ్వండి. అంతా ఆరినా ఒక సన్నగీత మాత్రం తడిగా కనపడుతుంటే అది నెర్రె, ఆ బండ పక్కన పెట్టండి. నాపరాయి పొరలు పొరలుగా ఏర్పడిన రాయి కాబట్టి అంచులో పొరలు విడి కనిపిస్తే పైపొర కొన్నాళ్లకు పెచ్చులుగా లేస్తుంది. వంటగట్టుకే అడుగుతున్నారు కాబట్టి, పాలిష్ పట్టిన ముక్క మీద నిమ్మచెక్క పిండి పది నిమిషాలు ఉంచి తుడవండి. మచ్చ మిగిలితే అది సున్నపురాయి జాతిదే, ఏ పేరుతో అమ్మినా సరే.

పరిచేటప్పుడు బండ కింద ఎక్కడా ఖాళీ ఉండకూడదు. నాలుగు మూలల్లో నాలుగు ముద్దలు మాలు పెట్టి బండ దించేయడం తొందర పని. అలా వేసిన చోట రోకలి పడితే ఎంత గట్టి బండైనా పగులుతుంది, కింద పట్టు లేదు కదా. ఆరాక ప్రతి బండనూ తట్టి చూసి, డొల్లగా మోగినదాన్ని లేపి మళ్లీ వేయించండి. పని జరుగుతుండగా అడిగితేనే చేస్తారు, డబ్బు ఇచ్చేశాక ఎవరూ రారు.

సిమెంటు దగ్గర కూడా ఇదే తికమక. “53 గ్రేడు సార్, శానా మన్నిక” అంటారు. 53 అనేది 28 రోజులకు పరీక్ష దిమ్మ తట్టుకునే నొక్కుడు, 53 మెగాపాస్కల్. చదరపు సెంటీమీటరుకు సుమారు 540 కిలోల బరువు అన్నమాట. అది గట్టిదనం లెక్క. మీ స్లాబు ఎన్నేండ్లు వస్తుందో ఆ అంకె చెప్పదు. కాంక్రీటుకు మన దేశపు ప్రమాణం ఐఎస్ 456 లో బలం వేరు, మన్నిక వేరుగానే రాశారు. మన్నిక కోసం అది అడిగేవి ముఖ్యంగా నీళ్లు, ఇనుము మీది మందం, తడపడం.

నీళ్లు: 50 కిలోల మూటకు 25 లీటర్లు అంటే నీళ్ల బరువు సిమెంటు బరువులో సగం (0.50). ఇంటి స్లాబుకు దీన్ని దాటనివ్వకండి. తడి ఇసుకలో ఉన్న నీళ్లు కూడా ఆ లెక్కలోవే. మాలు జారుగా ఉంటే పోయడం సులువని ఇంకో రెండు బకెట్లు కుమ్మరిస్తారు. సిమెంటుకు పట్టగా మిగిలిన నీళ్లు ఆవిరైపోయి సన్నసన్న రంధ్రాలు మిగులుతాయి. తేమ, గాలి ఆ దారిన పోయి ఇనుమును చేరతాయి.

ఇనుము మీది మందం: స్లాబు కమ్మీ కింద కనీసం 20 మి.మీ., దూలానికి 25, స్తంభానికి 40, పునాదికి 50 మి.మీ. కాంక్రీటు ఉండాలి. కమ్మీ కింద రాతిముక్కలు పెడితే పోసేటప్పుడు జారిపోతాయి. ఆ కొలతకే చేసిన కవర్ దిమ్మెలు పెట్టించండి. కమ్మీ తుప్పు పడితే ఇనుముకంటే ఎన్నో రెట్లు ఉబ్బుతుంది, లోపలి నుంచి కాంక్రీటును పగలగొడుతుంది. సీలింగు పెచ్చులూడి ఎర్రటి కమ్మీలు బయటపడ్డ ఇళ్లలో జరిగింది ఇదే. అక్కడ సిమెంటు గ్రేడు తక్కువై కాదు.

తడపడం: మన ఎండలకు ఇది ప్రాణం. వేడి, పొడి గాలి ఉన్న చోట మామూలు సిమెంటుకు కనీసం 10 రోజులు, బూడిద కలిసిన పీపీసీకి 14 రోజులు ఆరకుండా తడి ఉంచాలి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పైపు పట్టడం తడపడం కాదు. అనంతపురం వేసవిలో మధ్యాహ్నానికే ఆరిపోయి మళ్లీ తడిస్తే పైన జాలిలా పగుళ్లు వస్తాయి. స్లాబు మీద మడులు కట్టి నీళ్లు నిలపండి, స్తంభాలకు గోనెసంచులు చుట్టి తడపండి. ఉప్పునీటి బోరైతే ముందు నీటి పరీక్ష చేయించండి. కమ్మీ ఉన్న కాంక్రీటుకు వాడే నీళ్లలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదు.

మీది ప్రొద్దుటూరు కాబట్టి ఇంకొకటి. ఆ చుట్టుపక్కల నల్లరేగడి ఎక్కువ. మీ స్థలంలో అదే ఉంటే, వానకు ఉబ్బి ఎండకు కుంచించుకుపోయే ఆ నేల మీద గోడ ఎంత గట్టిగా కట్టినా కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పగుళ్లు వస్తాయి. లోపం గోడది కాదు. ఎండాకాలంలో నేల నెర్రెలు ఎంత లోతుకు పోతున్నాయో చూసి పునాది అంతకంటే కిందికి దించాలి. ఇంటి చుట్టూ గచ్చు చేయించి వాననీళ్లు గోడ మొదట్లో నిలవకుండా బయటికి వాలు ఇవ్వాలి.

చెక్క మన్నికకు మన భాషలో ప్రత్యేకంగా ఒక మాట ఉంది: చేవ. చెట్టు నడిమి ముదురు చెక్క చేవ, దాని చుట్టూ ఉండే లేత రంగుది తెల్ల చెక్క. చెదపురుగు ముందు తినేది తెల్ల చెక్కనే. ఎర్రచందనంలో ఎర్రగా ఉన్నది చేవ, దాన్ని చెద ముట్టదు. అదే చెట్టు తెల్ల చెక్కను మాత్రం పురుగు పట్టేస్తుంది. నీలగిరి కొయ్య టేకుకంటే బరువు, చాలాసార్లు గట్టి కూడా. కానీ ఆరేకొద్దీ మెలి తిరుగుతుంది, చీలుతుంది. టేకు మధ్యరకం గట్టిదే, లోపలి నూనె గుణం వల్ల చెదకూ తేమకూ ఆగుతుంది. వాకిళ్లకు కొనేటప్పుడు “టేకేనా?” అని అడిగి ఊరుకోకండి. అడ్డంగా కోసిన చివరలు చూడండి, తెల్ల చెక్క ఎంతుందో అక్కడే తెలుస్తుంది. రంగు పూసిన చివరలుంటే గీకి చూడండి. చెక్క బాగా ఆరిందా అనేది వేరే ప్రశ్న. పచ్చి చేవకంటే ఆరిన చేవే తలుపుకు మేలు, పచ్చిది బిగించిన తర్వాత కుంచించుకుపోయి సందులు పడతాయి.

మెత్తనిది మన్నడానికి మన సీమలోనే గొప్ప నిదర్శనం చౌడు మిద్దె. దూలాలు, దంతెలు, వాటి మీద కట్టెలో బండలో పరిచి, మట్టి పోసి, పైన చౌడు పరిచేవాళ్లు. చేత్తో నలిపితే పొడయ్యే మట్టి అది. చౌడులోని సోడా లవణాల వల్ల తడవగానే బంకమట్టి రేణువులు విడివడి సందులు పూడ్చేస్తాయి, నీరు కిందికి దిగదు. ఏటా వానలకు ముందు గడ్డి పీకి, కొత్త చౌడు చల్లి, వాననీళ్లు బయటికి పోయే దోనెలు బాగుచేసుకుంటే ఆ మిద్దె తరాలు నిలిచింది. రెండేండ్లు వదిలేస్తే కారింది. మన్నికలో చూసుకోవడం ఎంత భాగమో దీన్ని బట్టి తెలుస్తుంది. గట్టిదనంలో ఆ భాగం లేదు.

తాళ్లు, పైపుల సంగతి క్లుప్తంగా. జనపనార, గోగునార తాళ్లు పొడిగా ఉన్నంతకాలం కొబ్బరి తాడుకంటే ఎక్కువ లాగుడు తట్టుకుంటాయి, తడిలో మాత్రం త్వరగా చీకిపోతాయి. బావిలోకి, తడి పనికి కొబ్బరి తాడే మన్నుతుంది. మిద్దె మీద ఎండలో వదిలేసిన పీవీసీ పైపు ఏండ్లు గడిచేకొద్దీ పెళుసవుతుంది. వేలితో నొక్కితే గట్టిగానే ఉంటుంది, చిన్న దెబ్బకు ముక్కలవుతుంది. గోడ లోపల పెట్టండి, కుదరకపోతే రంగైనా వేయండి. పెళుసు గట్టికి వ్యతిరేకం కాదని గుర్తుపెట్టుకోండి, గాజు గట్టిదీ పెళుసుదీ కూడా.

ఒక జాగ్రత్త: గ్యారంటీ కార్డు మీద ఉన్న ఏండ్లు మన్నిక కాదు. చెడితే ఎన్నాళ్లలోపు మార్చిస్తారనే ఒప్పందం అది. ‘వాడకంలో వచ్చే అరుగుదలకు వర్తించదు’ అన్న వాక్యం ఉంటే మీరు అడుగుతున్న మన్నికకు వాళ్లు పూచీ పడటం లేదు.

ఇక మేస్త్రితో రాసుకునే కాగితం. ‘మన్నికైన సామాను వాడవలెను’ అని రాస్తే తగువు వచ్చినప్పుడు దేనికీ పట్టుకోలేరు. కొలిచి చూడగలిగేది రాయండి, ఇలా: “స్లాబు కాంక్రీటుకు మూటకు 25 లీటర్లకు మించి నీళ్లు పోయరాదు. స్లాబు కమ్మీ కింద 20 మి.మీ. కవర్ దిమ్మెలు పెట్టాలి. 14 రోజులు మడులు కట్టి నీళ్లు నిలపాలి. నేల బండలు ఆరిన తర్వాత తట్టి చూసి, డొల్ల మోగినవి మేస్త్రి ఖర్చుతోనే తీసి మళ్లీ వేయాలి. వాకిళ్ల చెక్కలో తెల్ల చెక్క ఉండరాదు. వంటగట్టుకు నిమ్మరసం పరీక్షలో మచ్చ పడని రాయి మాత్రమే.” కింద ఇద్దరూ సంతకాలు పెట్టి, ఒక నకలు పని జరిగే చోట గోడకు అంటించండి. కాంక్రీటు కలిపే కూలీలకు చూపించాల్సింది ఆ నకలే.